మంగళగిరి మాస్టారి డ్రిల్లు

మాస్టారు నాకు ఫోను చేసింది డ్రిల్లు గురించి కాదు, బోల్టుల గురించి.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. మంగళగిరిలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, బడి పిల్లల కోసం చిన్న టెలిస్కోపులు కట్టి ఇస్తుంటారు. గొట్టాన్ని పట్టి ఉంచే స్టాండులో 6 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం పలకలు రెండుంటాయి. వాటిని నాలుగు 6 మిల్లీమీటర్ల బోల్టులతో కలపాలి. ఫోనులో ఆయన చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "నాయనా, పలకలు పక్కపక్కన పెడితే గుర్తులన్నీ కలుస్తున్నాయి. ఒకదాని మీద ఒకటి పెడితే మాత్రం బోల్టు దిగడం లేదు."

నేను విజయవాడ ఆటోనగర్‌లో మెషిన్ల మరమ్మతులు చేస్తాను. ఇరవై ఏళ్లు దాటింది. ఆ అనుభవం ఇచ్చిన ధీమాతో, మెషినును చూడకుండానే "చక్ పోయి ఉంటుంది మాస్టారూ, కొత్తది వేయండి" అన్నాను. చక్ అంటే బిట్టును దవడలతో పట్టుకునే భాగం. ఆయన 1,400 రూపాయలు పెట్టి కొత్త చక్ తెప్పించి వేసుకున్నారు. వారం తర్వాత మళ్లీ ఫోను. ఈసారి గొంతులో మర్యాద అలాగే ఉంది, నమ్మకం మాత్రం కాస్త తగ్గింది. ఆ ఆదివారం డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం), అయస్కాంతం స్టాండు సంచిలో వేసుకుని బయలుదేరాను.

మెషిను

అది 13 మిల్లీమీటర్ల పిల్లర్ డ్రిల్, బెంచి మీద పెట్టుకునే రకం. మూతపడిన ఒక ఫ్యాబ్రికేషన్ షాపు నుంచి 7,000కు కొన్నారు. పోత ఇనుప తల, నాలుగు మెట్ల పుల్లీలు, 'A' సెక్షన్ బెల్టు, అర హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు. స్పిండిల్ (తిరిగే ఇరుసు) లోపల మోర్స్ టేపర్ 2, అంటే ఒక ప్రామాణిక కొలతకు సన్నబడుతూ పోయే రంధ్రం. అందులో బిగిసే కడ్డీ ఆర్బర్, ఆర్బర్ చివర చక్. మన దగ్గర చిన్న వర్క్‌షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే సరుకే. పేరూ ఊరూ లేని ఫౌండ్రీ పోత కానీ ఇనుము మందంగా ఉంది, స్తంభం నిటారుగా ఉంది. ఈ రెండూ బాగుంటే మిగతావన్నీ బాగు చేసుకోవచ్చు.

దాన్ని ఆయన వంటింటి గట్టు కోసం తెప్పించి మిగిలిపోయిన కడప బండ మీద పెట్టారు. బండకు నాలుగు బెజ్జాలు వేసి బోల్టులు బిగించారు. అంచుకు దగ్గరగా వేసిన బెజ్జం నుంచి అప్పటికే ఒక పగులు పాకింది. రాయికి బరువు మోసే శక్తి ఉంటుంది, బోల్టు బిగింపును ఓర్చుకునే గుణం ఉండదు. డ్రిల్లు బరువంతా పైన, తలలో ఉంటుంది. కింద పట్టు వదిలితే అది ముందుకు తూలుతుంది. మొదట బండ తీయించి, 50 మిల్లీమీటర్ల యాంగిల్‌తో స్టాండు వెల్డింగ్ చేయించి, దాన్ని నేలకు బిగించాం. ఈ పని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

పై నుంచి కిందికి

బిట్టు చివర వంకర తిరుగుతోందంటే తప్పు ఎక్కడైనా ఉండొచ్చు. స్పిండిల్, దాని బేరింగులు, ఆర్బర్, చక్, బిట్టు వరసగా ఒకదానికొకటి వేలాడుతుంటాయి. ఒక్కొక్క దాన్ని విడిగా కొలవకుండా చివరి దాన్ని మార్చమని చెప్పడమే నేను చేసిన పొరపాటు.

ప్లగ్ తీసేసి, చక్‌లో 10 మిల్లీమీటర్ల గ్రౌండ్ డోవెల్ పిన్ను (నునుపుగా సానపట్టిన గుండ్రటి కడ్డీ) బిగించాను. పిన్ను అయితే గుండ్రంగా ఉంటుందని నమ్మకం. డ్రిల్ బిట్టు మీద గాడులుంటాయి కాబట్టి దాన్ని కొలవడం వృథా. స్పిండిల్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ రెండు చోట్ల రీడింగు తీశాను. చక్ దవడలకు 10 మిల్లీమీటర్ల కింద 0.21 మిల్లీమీటర్ల వంకర. 60 మిల్లీమీటర్ల కింద 0.30. ఇది కొత్త చక్‌తో. పాత చక్‌తో కొలిస్తే 0.24, 0.36. అంటే 1,400 రూపాయలకు వచ్చిన లాభం 0.06 మిల్లీమీటర్లు.

రెండు ఎత్తుల్లో ఎందుకు కొలవాలంటే, రెండు చోట్లా ఒకే అంకె వస్తే పిన్ను పక్కకు జరిగి ఉందని అర్థం. కిందికి పోయేకొద్దీ అంకె పెరిగితే పిన్ను వాలి ఉందని అర్థం. ఇక్కడ రెండు జబ్బులూ ఉన్నాయి. వాలిందంటే పై నుంచి ఏదో సరిగా కూర్చోలేదు.

స్పిండిల్ పక్కన ఉన్న గాడిలోంచి డ్రిఫ్ట్ అనే చీలలాంటి ఇనుప పట్టీ దూర్చి, ఆర్బర్‌ను దించాను. లివర్ టైపు డయల్ మొనను స్పిండిల్ టేపర్ లోపలి గోడకు ఆనించి తిప్పితే 0.02. బేరింగులు బాగున్నాయి. చాలామంది ఇక్కడే బేరింగులు మార్పించి డబ్బు పోసుకుంటారు. ఆర్బర్‌ను మళ్లీ ఎక్కించి దాని కింది భాగం మీద కొలిస్తే 0.14. దొంగ ఎవరో తెలిసిపోయింది.

చూపుడు వేలు స్పిండిల్ రంధ్రంలో పెట్టి మెల్లగా తిప్పాను. ఒక చోట గోరుకు తగిలేంత గరుకు. టార్చి వేసి చూస్తే అక్కడ ఉంగరంలా ఒక గీత, దాని అంచున పైకి లేచిన లోహం. ఆర్బర్ మీద సరిగ్గా అదే ఎత్తులో అలాంటిదే మరో గీత ఉంది. పాత షాపులో ఎప్పుడో పెద్ద బిట్టు ఇరుక్కుని, ఆర్బర్ స్పిండిల్ లోపల జారి తిరిగింది. టేపర్ జారితే రెండు లోహాలూ ఒకదాన్నొకటి పీక్కుంటాయి. తర్వాత దాన్ని ఎంత గట్టిగా కొట్టి ఎక్కించినా అది ఆ బుడిపె మీదే కూర్చుంటుంది.

నీలం రంగు పరీక్ష మాస్టారికి బాగా నచ్చింది. ఆర్బర్‌కు మార్కింగ్ బ్లూ పలచగా, వేలితో తుడిచేసినంత పలచగా రాసి, స్పిండిల్‌లోకి నెట్టి కొంచెం తిప్పి బయటికి తీశాం. నీలం చెదిరిన చోటే తాకుడు. పై నుంచి కింది వరకూ తాకాల్సిన ఆర్బర్, ఆ గీత దగ్గర వేలెడు వెడల్పు పట్టీలా తాకి, మిగతాదంతా గాలిలో ఉంది. "అంటే ఇంతకాలం ఇది ఒంటికాలి మీద నిలబడిందన్నమాట" అన్నారు మాస్టారు.

మందు చిన్నదే. మోర్స్ టేపర్ 2 చేతి రీమరు (రంధ్రం లోపలి గోడను సన్నగా కోసే పనిముట్టు), పక్క షాపు టర్నర్ దగ్గర అరువు తెచ్చాను. స్పిండిల్‌లోకి కటింగ్ ఆయిల్ చుక్క వేసి, రీమరు చదరపు మొదలుకు స్పానర్ పట్టి, రెండున్నర చుట్లు. అంతే. రీమరును ఎప్పుడూ కోసే వైపే తిప్పాలి. వెనక్కి తిప్పితే దాని అంచులు పోతాయి. ఎక్కువ తిప్పితే రంధ్రం పెద్దదై ఆర్బర్ లోతుకు దిగిపోతుంది. మన పని లేచిన బుడిపెను తీయడమే, కొత్త టేపర్ కోయడం కాదు. గీత అలాగే మిగిలింది, మిగలనివ్వండి. గుంట వల్ల నష్టం లేదు, గట్టు వల్లే నష్టం. పాత ఆర్బర్ పక్కన పడేసి 250 రూపాయల కొత్తది వేశాం. థిన్నర్‌తో రెండు టేపర్లూ తుడిచి, నూనె చుక్క లేకుండా ఆరనిచ్చి, చక్ దవడలను పూర్తిగా లోపలికి ముడిచి, కింద నుంచి కర్ర సుత్తితో ఒక్క దెబ్బ. టేపర్ పట్టు రాపిడిలో ఉంటుంది కాబట్టి అక్కడ నూనె శత్రువు.

కొత్త ఆర్బర్ మీద రీడింగు 0.02. కొత్త చక్‌తో పిన్ను మీద 0.05, 0.07. అప్పుడు పాత చక్‌ను కిరోసిన్‌లో నానబెట్టి, దవడల మధ్య ఇరుక్కున్న రజనును బ్రష్‌తో తీసి వేసి చూశాను. 0.06, 0.08. కొత్తదానికీ పాతదానికీ తేడా 0.01 మిల్లీమీటరు. ఆ అంకె చూసి మాస్టారు నవ్వారు, నేను డయల్ సర్దుకున్నాను.

టేబుల్ ఎత్తడం ఎవరికీ ఇష్టం ఉండదు

స్పిండిల్ బాగుపడ్డాక కూడా పలకలు పూర్తిగా కలవలేదు. ఎనిమిదింటిలో అయిదు కలిశాయి. ఈసారి మెషినును కాకుండా మాస్టారి చేతులను చూస్తూ కూర్చున్నాను. పని చేయించే మెషినును ఎంత చూసినా తెలియనిది, పని చేసే మనిషిని పది నిమిషాలు చూస్తే తెలుస్తుంది.

ఆయన టేబుల్‌ను కింద వదిలేసి, హ్యాండిల్‌ను దాదాపు ఆఖరి వరకు దించి బెజ్జం వేస్తున్నారు. క్విల్, అంటే స్పిండిల్‌ను మోసుకుని పైకీ కిందికీ జారే గొట్టం, పూర్తిగా బయటికి వచ్చినప్పుడు దానికి పట్టు తక్కువ. డయల్ ఆనించి పక్కకు నెడితే 0.15 కదిలింది. పైన ఉన్నప్పుడు అదే 0.04. క్విల్ 15 మిల్లీమీటర్లు దిగేలోపే పని అయిపోవాలి. దానికి టేబుల్‌ను పైకి తేవాలి. మరి ఎందుకు తేవడం లేదు?

ఎందుకంటే ఆ టేబుల్ బ్రాకెట్‌తో కలిపి 11 కిలోలు. ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద పెట్టి తూచాం. ఖరీదైన మెషిన్లలో స్తంభం వెంట పళ్ల పట్టీ, తిప్పే చేతిపిడి ఉంటాయి. దీనికి ఏమీ లేదు. లివరు వదులు చేసి, ఒక చేత్తో బరువెత్తి పట్టుకుని, రెండో చేత్తో మళ్లీ బిగించాలి. డెబ్బై ఏళ్ల మనిషి బెజ్జానికోసారి ఆ పని చేయడు. నేనూ చేయను.

గొట్టం లూజు తగ్గించడానికి తల పోతకు ఉన్న గ్రబ్ స్క్రూ కింద ఇత్తడి ముక్క పెట్టి కొంచెం బిగించాను. ఆఖర్లో 0.15 కాస్తా 0.07కు వచ్చింది. ఇంకా బిగిస్తే హ్యాండిల్ బరువెక్కుతుంది, బిట్టు తాకుడు చేతికి తెలియదు. చిన్న బిట్లు విరిగేది అలాగే. కాబట్టి అక్కడ ఆగాను. అసలు పని టేబుల్‌ను తేలిక చేయడం.

బావి గిలకే ఉపాయం. మెషిను వెనక గోడకు యాంగిల్ బ్రాకెట్, దానికి రెండు గిలకలు, వాటి మీదుగా 3 మిల్లీమీటర్ల ఉక్కు తీగతాడు. తాడు ఒక కొస టేబుల్ బ్రాకెట్‌కు, స్తంభానికి వీలైనంత దగ్గరగా బిగించిన కంటి బోల్టుకు కట్టాం. దూరంగా కడితే బ్రాకెట్ వాలి స్తంభం మీద పట్టేస్తుంది. రెండో కొసకు మాస్టారి తమ్ముడి కిరాణా కొట్టు మూసేసినప్పటి 5 కిలోల తూకపు రాళ్లు రెండు. ఆ రాళ్లు వెడల్పాటి పీవీసీ గొట్టం లోపల కదులుతాయి. తాడు తెగినా రాళ్లు గొట్టంలోనే పడతాయి, పాదం మీద కాదు. 11 కిలోల టేబుల్‌కు 10 కిలోల రాళ్లు సరిపోయాయి, మిగతా కిలోను రాపిడి పట్టుకుంది. ఇప్పుడు లివరు వదులు చేస్తే టేబుల్ ఎక్కడుందో అక్కడే ఆగుతుంది. రెండు వేళ్లతో నెడితే పైకి వస్తుంది.

అయిన ఖర్చు 600 రూపాయల లోపు. ఈ మొత్తం వ్యవహారంలో బెజ్జాల నాణ్యతను ఎక్కువగా మార్చింది ఇదేనని నా అభిప్రాయం. డయల్ మీద దీని అంకె కనిపించదు.

టేబుల్ సమతలం సంగతి కూడా చూశాను. చక్‌లో వంచిన కడ్డీ, దాని చివర డయల్, 200 మిల్లీమీటర్ల వృత్తం. ఎడమ కుడి తేడా 0.6, ముందు వెనక 0.4. ఎడమ కుడి సరిచేయడం సులువే. బ్రాకెట్ కింద పెద్ద బోల్టుతో పాటు ఉన్న పిన్నును తీసేస్తే టేబుల్ తిరుగుతుంది. ముందు వాలుకు ఇత్తడి షిమ్ము, అంటే పలచటి రేకు ముక్క, పెట్టాను. నిజానికి 6 మిల్లీమీటర్ల పలకలో రెంటిలో పెద్దదైన ఎడమ కుడి వాలు వల్ల వచ్చే తేడా 0.02 కూడా ఉండదు. అయితే మాస్టారు 100 మిల్లీమీటర్ల లోతు చెక్క దిమ్మెల్లో కూడా బెజ్జాలు వేస్తారు. అక్కడ అది 0.3 అవుతుంది. షిమ్ము వేశాక ఆయన చేత హ్యాండిల్‌ను బలంగా నొక్కించి, టేబుల్ ముందు అంచు కింద డయల్ పెట్టి చూపించాను. ముల్లు 0.25 వంగింది. పోత ఇనుము కూడా వంగుతుందని ఆయన నమ్మింది అప్పుడే. మొండి బిట్టుతో నొక్కితే సమతలం ఎంత సరిచేసినా దండగ. ముందు చిన్న బిట్టుతో దారి వేస్తే, పెద్ద బిట్టు మొన మధ్యలోని కోయని భాగానికి పని తప్పుతుంది, నొక్కుడు బాగా తగ్గుతుంది.

బెల్టు ఎందుకు కదలలేదు

పుల్లీ కవరు తెరిస్తే బెల్టు అట్టడుగు వేగం మెట్టు మీద ఉంది. పుల్లీల మెట్లు 50, 75, 100, 125 మిల్లీమీటర్లు. మోటారు 1,440 చుట్లు. లెక్క మాస్టారే కట్టారు: 576, 1,080, 1,920, 3,600. పాత షాపు వాళ్లు ఉక్కులో 12, 13 మిల్లీమీటర్ల బెజ్జాలే వేసేవాళ్లు కాబట్టి 576 వాళ్లకు సరిపోయింది. మాస్టారు అదే వేగంతో అల్యూమినియంలో 6 మిల్లీమీటర్లు వేస్తున్నారు.

హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లకు నేను వాడే లెక్క ఇది. మామూలు ఉక్కుకు నిమిషానికి 25 మీటర్లు, స్టెయిన్‌లెస్‌కు 12, అల్యూమినియంకు 60. దాన్ని 318తో గుణించి బిట్టు వ్యాసంతో భాగిస్తే చుట్లు వస్తాయి. అల్యూమినియంలో 6 మిల్లీమీటర్లకు 3,180. మాస్టారు అందులో అయిదో వంతు కంటే తక్కువలో తిప్పుతున్నారు. బిట్టు కోయడం మాని దున్నుతోంది. దాంతో ఆయన ఎక్కువ నొక్కుతున్నారు, టేబుల్ వంగుతోంది, బిట్టు పంచ్ గుర్తు నుంచి జారుతోంది.

"మరి బెల్టు మార్చకపోయారా మాస్టారూ?"

"నాలుగు స్క్రూలు విప్పి, కవరు ఎత్తి, మోటారు బోల్టులు వదులు చేసి, మళ్లీ బిగించి... ఒక్క బెజ్జానికా నాయనా?"

ఆయన మాటలో తప్పేమీ లేదు. కవరు స్క్రూల బదులు కబ్జాలు, ఒక గొళ్లెం పెట్టించాను. మోటారు బోల్టుల బదులు చేత్తో తిప్పే స్టార్ నాబులు. బెల్టు మార్చడం ఇప్పుడు అర నిమిషం పని. ఇక్కడితో ఆగినా సరిపోయేది. కానీ మాస్టారు ఎవరో చెప్పారని వేగం మార్చడానికి ఫ్యాను రెగ్యులేటరు కొని పెట్టుకుని ఉన్నారు. దాన్ని ఆయన చేతిలోంచి తీసుకోవాల్సి వచ్చింది. ఇలాంటి సింగిల్ ఫేజ్ మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. వోల్టేజి తగ్గిస్తే బలం తగ్గి, మోటారు ఈడ్చుకుంటూ వేడెక్కుతుంది. బాగా నెమ్మదిస్తే లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ మళ్లీ కలుసుకుని, కొన్ని సెకన్లకే పనికొచ్చే స్టార్టింగ్ వైండింగ్ కరెంటులోనే ఉండిపోతుంది. ఇక రీవైండింగ్ షాపే గతి.

కాబట్టి త్రీ ఫేజ్ మోటారు, వీఎఫ్‌డీ, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్ని మార్చే పెట్టె. ఆటోనగర్‌లో 1 హార్స్‌పవర్ పాత మోటారు 3,000కు దొరికింది. కొనేటప్పుడు నేమ్‌ప్లేటు చదవాలి. 230/415 అని, డెల్టా/స్టార్ (వైండింగులను కలిపే రెండు పద్ధతులు) గుర్తులు రెండూ ఉండి, టెర్మినల్ పెట్టెలో ఆరు కొనలూ బయటికి వచ్చి ఉండాలి. ఇంటి కరెంటు తీసుకునే వీఎఫ్‌డీ బయటికి ఇచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజే. మోటారు స్టార్‌లోనే ఉంటే బలం ఉండదు. పెట్టెలో ఒక వరసగా మూడు కొనలను కలిపి ఉన్న రాగి పలకలను తీసి, పై కొనకూ కింది కొనకూ ఒక్కొక్కటి నిలువుగా వేస్తే డెల్టా అవుతుంది. పాత సింగిల్ ఫేజ్ మోటారును వీఎఫ్‌డీకి కలపకూడదు. వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్య స్విచ్ పెట్టకూడదు. ఇంట్లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) ఉంటే ఒక్కోసారి వీఎఫ్‌డీ వేయగానే పడిపోతుంది. అలాగని ఎర్త్ తీగ తీసేసే మహానుభావులను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఎర్త్ తీగను మోటారు ఒంటికి, మెషిను తలకు, వీఎఫ్‌డీకి మూడింటికీ వేయాలి.

వీఎఫ్‌డీ వచ్చాక బెల్టు అక్కర్లేదనుకుంటారు. అది పెద్ద అపోహ. బెల్టుతో వేగం తగ్గిస్తే బలం పెరుగుతుంది. వీఎఫ్‌డీతో తగ్గిస్తే బలం అంతే ఉంటుంది. 1 హార్స్‌పవర్ మోటారు తిప్పుడు బలం సుమారు 5 న్యూటన్ మీటర్లు. మూడో మెట్టు మీద అది స్పిండిల్ దగ్గర 4 కూడా ఉండదు. మొదటి మెట్టు మీద 12 దాటుతుంది. మేం స్థిరపడిన పద్ధతి ఇది. బెల్టు మామూలుగా మూడో మెట్టు మీద ఉంటుంది. 20 నుంచి 70 హెర్ట్జ్ వరకు తిప్పితే రమారమి 770 నుంచి 2,700 చుట్లు వస్తాయి. ఉక్కులో 3 నుంచి 8 మిల్లీమీటర్లకూ, మాస్టారి అల్యూమినియం పలకలకూ ఇది చాలు. 10 దాటితే, లేదా హోల్ సా (పెద్ద బెజ్జాన్ని గుండ్రంగా కోసే గొట్టపు రంపం) పెడితే, బెల్టు కింది మెట్టుకు దిగాలి. 40 మిల్లీమీటర్ల హోల్ సాకు ఉక్కులో 200 చుట్లే కావాలి. మొదటి మెట్టు, 18 హెర్ట్జ్. తక్కువ హెర్ట్జ్‌లో మోటారు వెనక ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది కాబట్టి మధ్యమధ్య చేయి పెట్టి వేడి చూసుకోవాలి.

స్విచ్, దీపం, చెయ్యి

పాత స్విచ్ ఇళ్లలో గీజరుకు పెట్టే మామూలు స్విచ్. వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మాస్టారు స్విచ్ ఆపడం మరిచి లోపలికి వెళ్లి పడుకున్నారు. సాయంత్రం వచ్చి బిట్టు మారుద్దామని చక్ తాళం పెట్టబోతుండగా కరెంటు వచ్చింది. తాళం ఎగిరి రేకుకు సొట్ట పెట్టింది. ఆ సొట్ట నాకు చూపించారు. ఆయన కంటి ఎత్తు కంటే జానెడు పైన ఉంది.

వీఎఫ్‌డీ పెట్టినా ఈ ప్రమాదం తప్పదు, సరిగా పెట్టకపోతే. రన్ టెర్మినల్‌కు మామూలు టోగుల్ స్విచ్ తగిలిస్తే కరెంటు రాగానే కొన్ని వీఎఫ్‌డీలు మళ్లీ తిప్పడం మొదలుపెడతాయి. మూడు తీగల పద్ధతిలో ఆకుపచ్చ నొక్కుడు బటన్ స్టార్టుకు, ఎర్ర పుట్టగొడుగు బటన్ స్టాపుకు వేశాను. కరెంటు పోయి వస్తే మెషిను చచ్చినట్టు ఉంటుంది, ఆకుపచ్చ నొక్కితేనే లేస్తుంది. వీఎఫ్‌డీ వద్దనుకునే వాళ్లకు పొలం మోటార్లకు వాడే డీఓఎల్ స్టార్టరు చాలు, దానిదీ ఇదే గుణం. కాకపోతే దానికి ఆటో స్టార్టరు తగిలించకూడదు.

ఇక దీపం. షెడ్డులో పాత చోకు ట్యూబ్‌లైటు ఉంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో అది సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. 1,920 చుట్లంటే సెకనుకు 32. చక్‌కు తాళం పెట్టే బెజ్జాలు మూడు కాబట్టి అవి సెకనుకు 96 సార్లు ఎదురవుతాయి. 100కు 96 దగ్గర. దాంతో ఆ వెలుగులో తిరుగుతున్న చక్, మెల్లగా వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. మోటారు ఆగిపోబోతోందని భ్రమపడి చెయ్యి పెట్టేవాళ్లుంటారు. మాస్టారికి చూపిస్తే ఆయన వెంటనే కాగితం తీసి, సరిగ్గా ఎన్ని చుట్ల దగ్గర పూర్తిగా ఆగినట్టు కనిపిస్తుందో లెక్కకట్టారు. 2,000. పిల్లలకు చూపించాలని ముచ్చటపడ్డారు. "ట్యూబ్‌లైటు తీసేసి బ్యాటరీతో వెలిగే బల్బు పెట్టాక మాటవరసకు చెప్పండి చాలు" అన్నాను. 12 వోల్టుల దీపం తలకు పక్కన వంగే మెడతో బిగించాను.

పలక పట్టుకోవడం గురించి నేను ఎక్కువ మాట్లాడక్కర్లేదు, నా ఎడమ చూపుడు వేలు మాట్లాడుతుంది. పదిహేనేళ్ల కిందట పలచటి రేకులో బిట్టు అవతలికి దిగే క్షణంలో రేకును బిట్టు లాక్కుంది. రేకు కత్తి అయింది. మూడు కుట్లు. మాస్టారు పలకను చేత్తో పట్టుకుంటున్నారు, కారణం అదే: వైసును బిగించాలంటే నాలుగు నట్లు. చెక్క టేబుల్ ఒకటి ఇనుప టేబుల్ మీద బిగించి, దానికి వెనక కంచెలా సరిహద్దు చెక్క, పక్కన ఆపే బోల్టు, పై నుంచి నొక్కిపట్టే టోగుల్ క్లాంపులు రెండు వేశాను. లివరు ఒక్కసారి వంచితే పలక కదలదు. పొడుగు ముక్క అయితే దాని ఎడమ కొస స్తంభానికి ఎడమ పక్కన ఆనేలా పెట్టాలి. స్పిండిల్ పై నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతుంది, బిట్టు ముక్కను లాక్కుంటే ఎడమ కొస వెనక్కి పోయి స్తంభానికే తగులుతుంది. కుడి పక్క పెడితే ముక్క తిరిగి వచ్చి మన పొట్టకు తగులుతుంది. చేతి తొడుగులు, మెడలో తువాలు వద్దని చెప్పాను. తువాలు విషయంలో ఆయన్ని ఒప్పించడానికి వీఎఫ్‌డీ పెట్టడానికి పట్టినంత సమయం పట్టింది.

పలకలు ఏ పిల్లవాడి చేతికి వెళ్లినా మార్చుకోగలిగేలా ఉండాలన్నది ఆయన కోరిక. లేకపోతే రెండింటినీ కలిపి పట్టుకుని ఒకేసారి బెజ్జం వేయమనేవాణ్ణి. కాబట్టి చివర్లో ఒక చిన్న జిగ్ (బిట్టుకు దారి చూపే అచ్చు): 12 మిల్లీమీటర్ల ఉక్కు పలకలో నాలుగు గట్టిపరిచిన బుష్షులు. పంచ్ గుర్తు పని కూడా తప్పింది.

వాయింపు

ఆ రోజు సాయంత్రం ఎనిమిది జతల పలకలు వేశాం. బెజ్జాల సైజు 6.05 నుంచి 6.10 మధ్య వచ్చింది. మొదటి రోజు అదే బిట్టుతో 6.35 వచ్చింది. బోల్టును బెజ్జం మీద నిలబెట్టి వదిలితే, రెండు పలకల గుండా టక్కున దిగి కింద చెక్క మీద వాయించింది. మాస్టారు ముప్పై రెండు బోల్టులూ అలా వదిలి విన్నారు. నేను రెండోదాని తర్వాత టీ తాగడానికి కూర్చున్నాను.

మిగిలిపోయిన పనులున్నాయి. హ్యాండిల్ పళ్ల చక్రంలో లూజు ఉంది, లోతు ఆపే నట్టు మీద ఆధారపడే పనికి అది ఇబ్బంది పెడుతుంది. హ్యాండిల్‌ను వెనక్కి లాగే గడియారపు స్ప్రింగు బలహీనపడింది. ఆ డబ్బాను ఆయన విప్పకూడదని, నేను వచ్చినప్పుడే విప్పుదామని మాట తీసుకున్నాను. లోపల చుట్టి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విచ్చుకుంటే వేళ్లకు మంచిది కాదు. బిట్లు సానపట్టడం మరో రోజు.

వెళ్లేటప్పుడు కొత్త చక్ డబ్బాలో పెట్టి నా సంచిలో వేసుకున్నాను. 1,400 ఇవ్వబోతే మాస్టారు వద్దన్నారు. ఫోనులో వైద్యం చేసిన రుసుం అనుకోండి అని టేబుల్ మీద పెట్టి వచ్చాను. ఆ చక్ ఇప్పుడు నా షాపులో లేత్ వెనక తలలో పని చేస్తోంది, 10 పిన్ను మీద ఇప్పటికీ 0.05 చూపిస్తుంది.